పిక్కబలము

కాలు నొచ్చినపుడు మన ఇండ్లలో మొదట వినవచ్చు మాట "నరము పట్టినది" అనునది. మడమ వెనుక నొచ్చినను నరమే, చీలమండ ప్రక్క నొచ్చినను నరమే, పరుగెత్తుచుండగా పిక్క క్రింద పుటుక్కున తెగినను నరమే. నిజమునకు ఈ బాధలలో నరముల ప్రసక్తి మిక్కిలి తక్కువ. మెదడునుండి ఆజ్ఞలను కొనివచ్చునది, స్పర్శను మెదడునకు తెలుపునది నరము. కండను ఎముకకు కట్టి, కండ లాగిన లాగును ఎముకకు అందించునది వేరొకటి కలదు. దానిని పాఠ్యగ్రంథములలో స్నాయుబంధనమనియు, వైద్యులు టెండన్ అనియు అందురు. ఎముకను ఎముకకు కట్టునది సంధిబంధనము, ఇదియే లిగమెంటు. ఈ మూడును వేరువేరు. వీని జబ్బులును వేరు, చికిత్సలును వేరు. పాదమునందును చీలమండయందును ఉన్న స్నాయుబంధనములు ఎట్లు పనిచేయునో, ఎందుచేత చెడునో, చెడినపుడు మనము చేయవలసిన దేమియో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

హైదరాబాదునకు పడమటి దెసనున్న రాయదుర్గమును ఉదాహరణముగా తీసికొందము. ఒకప్పుడిది గండశిలల గుట్టలకును దుర్గము చెరువునకును పేరుపడిన చోటు. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ భవనము వెలసినది మొదలు ఈ ప్రాంతపు రూపు మారినది. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గము వరకు వచ్చినది. 2020లో చెరువుపై తీగల వంతెన తెరువబడినది. ఇచ్చట వారమున ఐదు దినములు, దినమునకు తొమ్మిది పది గంటలు కుర్చీలో కూర్చుండి పనిచేయువారు వేలకొలది కలరు. శని ఆదివారముల ఉదయమున వీరిలో ననేకులు చెరువు గట్టున పరుగెత్తుదురు, ఖాజాగూడ గుట్టలెక్కుదురు, బ్యాడ్మింటన్ ఆడుదురు. ఏటేట జరుగు హైదరాబాదు మారథాన్ పరుగు సమీపమునందలి గచ్చిబౌలి క్రీడాప్రాంగణముననే ముగియుట పరిపాటి. అవే వీధులలో పూటలకొలది నిలిచియుండు కాపలాదారులు, సరకుల సంచులతో అంతస్తులెక్కి దిగు కుర్రవారు, కట్టడపు కూలీలు, నాలుగైదిండ్లలో పనిచేయు స్త్రీలు కూడ కలరు. ఒకరి కాలు ఐదు దినములు పనిలేక యుండి రెండు దినములు మితిమీరిన పనిలో నలుగును. మరొకరి కాలికి ఏడు దినములును తెరపి యుండదు. స్నాయుబంధనము చెడుటకు ఈ రెండును దారులే.

ఈ బంధనమెట్టిదో మొదట చూతము. తాడిచెట్టెక్కు గీతకార్మికుని మోకును మీరెరుగుదురు. సన్నని పోగులు పురియై, పురులు కలసి త్రాడై, ఆ త్రాడు మనుష్యుని బరువు మోయుచున్నది. స్నాయుబంధనమును అట్టిదే. కొల్లాజెన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన పోగులు కట్టలు కట్టలుగా, ఒకే దిక్కునకు తీర్చి పేర్చబడి యుండును. దేహమునందలి స్నాయుబంధనములన్నిటిలో బలిష్ఠమైనది మడమ వెనుకనున్నది. పిక్కలోని రెండు పెద్ద కండలు క్రిందికి దిగుచు ఒక్కటై, సుమారు 15 సెంటీమీటర్ల మోకుగా మారి మడమ ఎముకకు అంటుకొనును. పరుగులో ప్రతి అడుగునందును ఈ మోకుపై పడు లాగు దేహభారమునకు ఆరు మొదలు ఎనిమిది రెట్ల వరకు ఉండును. అడుగు మోపునపుడు ఇది సాగి శక్తిని దాచుకొనును; అడుగు లేచునపుడు ఆ శక్తిని తిరిగి ఇచ్చును. పారిపోయిన వానిని "పిక్కబలము చూపినాడు" అని మనము పరిహసింతుము. ఆ బలము నేలకు చేరునది ఈ మోకు ద్వారానే.

పాశ్చాత్యులు దీనిని అకిలిస్ బంధనమందురు. గ్రీకు పురాణములందు అకిలిస్ అను వీరునకు మడమయొక్కటియే చావు చోటు. ఆ కథను తలచి ఫిలిప్ వెర్హేయెన్ అను ఫ్లెమిష్ శరీరశాస్త్రజ్ఞుడు 1693లో తన గ్రంథమున ఈ పేరు వాడెను. మన భారతమునందును శ్రీకృష్ణునకు వేటగాని బాణము తగిలిన చోటు పాదమే.

చీలమండ చుట్టును మరికొన్ని బంధనములు కలవు. లోపలి గిలక వెనుకగా దిగి పాదపు వంపును ఎత్తిపట్టునది యొకటి. ఇది సడలినచో నడివయస్సున, ముఖ్యముగ స్థూలకాయము గల స్త్రీలలో, పాదము మెల్లమెల్లగా చదునగును. వెలుపలి గిలక వెనుకగా పోవు జంట బంధనములు పాదము లోపలికి మడతపడకుండ కాపాడును. కాలు బెణికినపుడు ఇవియును నలుగవచ్చును. బొటనవ్రేలిని వంచు బంధనము వ్రేళ్లమీద లేచి నిలుచు నర్తకులను బాధించును. మడమ వెనుకటి మోకు విషయమున చెప్పబోవు సూత్రము వీని కన్నిటికిని వర్తించును.

ఈ మోకును గూర్చి విచిత్రమైన సంగతి యొకటి కలదు. 1950ల నడుమ మొదలుకొని 1963 వరకు అగ్రరాజ్యములు ఆకాశమున జరిపిన అణ్వస్త్ర పరీక్షలవలన వాయువులో ఒక విధమైన రేడియోధార్మిక కర్బనము హెచ్చినది. అది ఆహారముతో కలసి ఆనాటి మానవులందరి దేహములలో చేరినది. దేహములోని ఒక భాగము ఎప్పుడు నిర్మింపబడినదో ఆ కర్బనపు పాలునుబట్టి లెక్కింపవచ్చును. డెన్మార్కు శాస్త్రజ్ఞులు ఈ లెక్కను మడమ బంధనమునకు అన్వయించి 2013లో ప్రకటించిన దేమనగా, దీని నడిభాగము సుమారు పదునేడేండ్ల వయస్సు వరకే నిర్మింపబడి, పిదప ఇంచుమించుగా మారకయే యుండునట. అనగా పదునేడవ యేట సిద్ధమైన మోకుతోనే అరువదియవ యేటను మనము నడచుచున్నాము. దీనిలోనికి రక్తప్రసారమును తక్కువ. మడమ ఎముకకు పైన 2 మొదలు 6 సెంటీమీటర్ల నడుమ అది మరింత తక్కువ. మోకు తరచుగా తెగునది ఆ భాగముననే.

అట్లని ఇది ప్రాణము లేని త్రాడు కాదు. దీనియందలి కణములు తమపై పడు లాగును గుర్తించును. లాగు క్రమముగా పెరిగినచో బంధనము బిగువెక్కును. లాగు లేకున్న నీరసించును. సన్నద్ధము కాకముందే హఠాత్తుగా పెరిగినచో పోగులు చెదరి, వాని నడుమ నీరు చేరి, మోకు ఉబ్బును. పూర్వము దీనిని వాపు జబ్బుగా నెంచి టెండినైటిస్ అనిరి. చాలకాలముగా నున్న బాధలో సూక్ష్మదర్శినితో చూచిన వాపు కణములు స్వల్పముగనే యుండి, చెదరిన పోగులే ముఖ్యముగ కనబడినవి. కావున నేడు టెండినోపతి అను పేరు వాడుకలోనికి వచ్చినది. పేరు మారుటతో చికిత్సయు మారినది. వాపును అణచు మాత్రలు నొప్పిని కొన్నాళ్లు తగ్గింపగలవు గాని, చెదరిన పోగులను తీర్చిదిద్దజాలవు. నొప్పి తగ్గుట వేరు, బలము వచ్చుట వేరు. ఈ ప్రసంగమునకు సారమిదియే.

లాగుతోపాటు దేహస్థితియు లెక్కకు వచ్చును. మధుమేహము, స్థూలకాయము, కీళ్లలో యూరిక్ ఆమ్లము చేరు గౌటు వ్యాధి ఈ బంధనములను బలహీనపరచును. చిన్న వయస్సుననే రెండు మడమల వెనుకను మోకు లావెక్కి గడ్డలవలె తగులుచున్నచో, అది వంశపారంపర్యముగా వచ్చు అధిక కొలెస్ట్రాల్ లక్షణము కావచ్చును. అట్టివారు రక్తపరీక్ష చేయించుకొనుట కాలికొరకు మాత్రమే కాదు, గుండెకొరకు కూడ. కొన్ని మందులును హాని చేయును. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ మొదలగు సూక్ష్మజీవినాశకముల వలన స్నాయుబంధనములు తెగు ప్రమాదము కలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో తీవ్రమైన హెచ్చరికను వాని పత్రములపై చేర్పించినది. అరువది దాటినవారికి, స్టెరాయిడ్ మందులు వాడుచున్నవారికి ఈ ప్రమాదము హెచ్చు. వైద్యుని చీటి లేకుండ దుకాణమున అడిగి కొని మ్రింగు అలవాటు గలవారు ఈ విషయము గుర్తింపవలెను. ఆ మందు వాడుచుండగా మడమ వెనుక నొప్పి పుట్టినచో వెంటనే వైద్యునకు తెలుపవలెను.

ఇక లక్షణములు. మెల్లగా వచ్చు జబ్బు ఒక తీరు, హఠాత్తుగా తెగుట మరియొక తీరు. మొదటిదానిలో ఉదయము లేవగానే మడమ వెనుక బిగుసుకొని యుండును. కొంత నడచిన పిదప సడలును. పరుగు మొదలిడినపుడు నొప్పి, వేడెక్కిన పిదప ఉపశమనము, మరునాడు హెచ్చు నొప్పి. రెండు వ్రేళ్లతో పట్టి చూచినచో మోకు లావుగా తగులును. దీనినిబోలిన బాధలు వేరే కలవు. ఉదయము మొదటి అడుగున మడమ అడుగుభాగమున ముల్లు గ్రుచ్చినట్లున్నచో అది అరికాలి పొరకు సంబంధించినది. ఎముకపై ఒకే చోట నొక్కిన నొప్పి కలిగి, నడచినకొలది హెచ్చుచున్నచో ఎముక సన్నగా చిట్లి యుండవచ్చును. హైదరాబాదు క్రీడాకారిణి పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో నొప్పితోనే ఆడి స్వర్ణపతకము గెలుచుకొనెను. పిదప పరీక్షలో ఎడమ కాలి ఎముక చిట్లినదని తేలినందున ఆ నెలలోనే జరిగిన ప్రపంచపోటీలకు వెళ్లలేదు. ఎముక చిట్లినపుడు బరువు తగ్గించి మానుటకు కాలమియ్యవలెను. స్నాయుబంధనమునకు బరువే మందు. కావున ఏది ఏదియో తెలియకుండ ఇరుగుపొరుగువారి చికిత్సను అనుకరింపరాదు.

రెండవ తీరు మిక్కిలి జాగ్రత్తతో గమనింపవలసినది. ముప్పది నలువది యేండ్ల నడుమనున్న వ్యక్తి ఆదివారమునాడు ఆడుచుండును. హఠాత్తుగా వెనుకనుండి ఎవరో మడమపై తన్నినట్లగును. చిటుక్కుమను శబ్దము వినబడును. వెనుదిరిగి చూచిన అచ్చట నెవరును ఉండరు. కొంతసేపటికి నొప్పి తగ్గును. కుంటుచు నడువనూ గలడు. ఎక్స్-రే తీయించిన ఎముకలన్నియు చక్కగా నుండును. అంతట "బెణుకు" అని తైలము పూసికొని వారములు గడుపును. మోకు పూర్తిగా తెగియుండియు ఈ విధముగ పొరపడుట అరుదు కాదు. ఏలయన ఎక్స్-రేలో స్నాయుబంధనము కనబడదు. పాదమును వంచు ఇతర బంధనములు కొంత పని నడపుచుండును.

దీనిని కనిపెట్టుటకు యంత్రమక్కరలేని పరీక్ష యొకటి కలదు. సిమండ్స్ అను ఆంగ్ల వైద్యుడు 1957లోను, థామ్సన్ అను అమెరికా వైద్యుడు 1962లోను దీనిని వివరించిరి. మంచముపై బోరగిల పరుండి, పాదములను మంచపు అంచు దాటి వ్రేలాడనీయవలెను. మరియొకరు పిక్కను చేతితో మెల్లగా పిండవలెను. మోకు నిలిచియున్నచో పాదము వ్రేళ్ల వైపునకు వంగును. తెగియున్నచో పాదము కదలదు. రెండు కాళ్లను పోల్చి చూడవలెను. అనుమానమున్నచో ఆనాడే ఎముకల వైద్యుని చూడవలెను. అల్ట్రాసౌండ్ పరీక్షతో సంగతి తేలును.

ఇచ్చట కట్టునుగూర్చి ఒక మాట. రాయలసీమలోని పుత్తూరు కట్టు పేరెరుగని తెలుగువారరుదు. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకొనుట మనకు తరతరముల వాడుక. కాని కట్టునకు ముందు విరిగినదేదో, తెగినదేదో తేలవలెను. తెగిన మోకు కొనలు దగ్గరకు చేరవలెనన్న పాదము వ్రేళ్లు క్రిందికి చూచునట్లు వంచి యుంచవలెను. పాదమును నేలపై నిలిపినట్లు సమముగా కట్టినచో కొనలు ఎడమై, మోకు పొడవుగా అతుకుకొనును. పొడవైన మోకు కండ లాగును అందింపజాలదు. అట్టి వ్యక్తి నడచును గాని, ఆ కాలి ముని వ్రేళ్లపై లేచి నిలువలేడు.

తెగిన మోకునకు శస్త్రచికిత్స తప్పదా యను ప్రశ్న సహజము. నార్వే దేశమున 526 మందిపై జరిగిన పరిశీలన ఫలితములు 2022లో ప్రకటింపబడినవి. కొందరికి కోసి కుట్టిరి, కొందరికి చిన్న రంధ్రములద్వారా కుట్టిరి, కొందరికి కుట్టకయే కట్టుతోను వ్యాయామముతోను నడిపిరి. ఏడాది గడచునప్పటికి మూడు వర్గముల వారి కాలి పనితనము సమానముగనే యుండెను. ఐతే కుట్టనివారిలో నూటికి ఆరుగురికి మోకు మరల తెగెను. కుట్టినవారిలో నూటికి ఒక్కరికంటె తక్కువ. కుట్టినవారిలో మాత్రము నిజమైన నరమునకు దెబ్బ తగులుట హెచ్చుగా కనబడెను. కావున వయస్సు, వృత్తి, మధుమేహము, తెగి ఎన్నాళ్లైనది అను విషయములు చూచి వైద్యుడును రోగియు కలసి నిశ్చయించుకొనవలెను. ఏ దారియైనను తొలి దినములలోనే చికిత్స మొదలుపెట్టుట ముఖ్యము. కాలు కట్టులో నున్న దినములలో పిక్క వాచి నొప్పి పుట్టినను, ఊపిరి ఆడకున్నను, సిరలలో రక్తము గడ్డకట్టియుండవచ్చునని తలచి తక్షణము ఆసుపత్రికి పోవలెను.

మెల్లగా వచ్చిన జబ్బునకు చికిత్స మరియొకటి. స్వీడన్ దేశపు వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్సన్ తానే ఈ నొప్పితో బాధపడెను. శస్త్రచికిత్సకు పై వైద్యుడు సమ్మతింపనందున, మోకు మరింత చెడిననైనను సమ్మతించునని తలచి దానిపై బరువు మోపసాగెను. చెడుటకు బదులు అది బాగుపడెను. పిదప అదే వ్యాయామమును పదునైదుగురు రోగులచే చేయించి 1998లో ఫలితములు ప్రకటించెను. పండ్రెండు వారములలో అందరును తిరిగి పరుగెత్తగలిగిరి.

ఆ వ్యాయామమునకు మెట్టు చాలును. చేతితో గోడను గాని కమ్మీని గాని పట్టుకొని, మెట్టు అంచున ముందరి పాదములపై నిలువవలెను. రెండు మడమలను ఎత్తి, బరువును నొప్పిగల కాలిపైకి మార్చి, మెల్లగా ఆ మడమను మెట్టుకన్న క్రిందికి దింపవలెను. తిరిగి లేచుటకు మంచికాలి సాయము తీసికొనవలెను. ఇట్లు 15 మార్లు ఒక విడత. మోకాలు చాచి మూడు విడతలు, కొద్దిగా వంచి మూడు విడతలు, దినమునకు రెండు పూటలు, 12 వారములు. సులభమైన పిదప వీపున సంచిలో బరువు చేర్చవలెను. నొప్పి మడమ ఎముకపై మోకు అంటుకొనుచోటనే యున్నచో మెట్టుకన్న క్రిందికి దింపక, సమతలమున చేయవలెను. చేయునపుడు ఓర్చుకొనదగిన నొప్పి యుండవచ్చును. మరునాటి ఉదయమునకు అది మామూలు స్థితికి రావలెను. రానియెడల విడతలు తగ్గింపవలెనే గాని, మానరాదు. బరువైన వ్యాయామమును నిదానముగా వారమునకు మూడు దినములు చేసినను సమానమైన ఫలితము కలుగునని తరువాతి పరిశీలనలలో తేలినది. మధుమేహమువలన పాదమున స్పర్శ తగ్గినవారు వైద్యుని చూచిన పిదపనే దీనికి పూనుకొనవలెను. వారు వేడి కాపడము పెట్టుకొనరాదు.

కొందరు సూదిమందుతో ఒక్కనాటనే నయమగుట కోరుదురు. మడమ మోకులోనికి స్టెరాయిడ్ సూది వేయించుకొనుట దానిని తెంచు ప్రమాదము గలది. రోగి రక్తమునుండి తీసిన ద్రవమును ఎక్కించు పి.ఆర్.పి. సూదికి నేడు ప్రచారము హెచ్చు. 2010లో నెదర్లాండ్సులోను, 2021లో బ్రిటనులోను జరిగిన పరిశీలనలలో, ఉత్తుత్తి సూది వేయించుకొన్నవారికంటె ఆ సూది వేయించుకొన్నవారికి మడమ బంధనమున హెచ్చు మేలు కనబడలేదు. వేలకొలది రూపాయలు వ్యయము చేయుటకు ముందు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

కాలమెంత పట్టుననుటకు అందరెరిగిన ఉదాహరణ కలదు. 2023 ప్రపంచకప్పు క్రికెట్టు పోటీలలో అందరికంటె హెచ్చుగా 24 వికెట్లు తీసిన మహమ్మద్ షమీకి 2024 ఫిబ్రవరిలో మడమ బంధనమునకు శస్త్రచికిత్స జరిగినది. నడుమ మోకాలి వాపు కూడ బాధించినది. అతడు తిరిగి పోటీ ఆట ఆడినది నవంబరులో. 2025లో హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టున చేరి ఉప్పలులో బంతులు వేసెను. రాయదుర్గమున బయలుదేరు మెట్రో రైలు ఆ క్రీడాప్రాంగణము మీదుగనే పోవును. నిపుణులందరును వెంటనున్న క్రీడాకారునికే సుమారు తొమ్మిది నెలలు పట్టినపుడు, మూడు వారములలో నొప్పి పోలేదని వైద్యము మార్చుట తగదు.

విశ్రాంతి యను మాట ఒకరికి సెలవు చీటి, మరొకరికి కూలి నష్టము. నిలిచి పనిచేయు కాపలాదారునకు గంటకొకమారు కూర్చుండుటకు పీట ఒకటి ఇచ్చినచో, ఇంటిపని చేయు స్త్రీకి మడమ క్రింద కొంత ఎత్తుగల మెత్తని చెప్పులు సమకూర్చినచో, అది దయ కాదు, చికిత్సలో భాగము. పరుగెత్తువారు వారపు పరుగునంతయు ఆదివారమున పెట్టుకొనక నాలుగు దినములకు పంచుకొనవలెను. దూరమును, వేగమును, గుట్టను ఒకే వారమున పెంచరాదు. కుర్చీలో కూర్చుండువారు మధ్యమధ్య లేచి, బల్ల పట్టుకొని, మడమలు ఇరువదిమార్లు ఎత్తి దింపినను మేలే.

హఠాత్తుగా మడమపై తన్నినట్లైనచో ఆనాడే పిక్క పిండి చూచుకొనవలెను. మెల్లగా వచ్చిన నొప్పికి పండ్రెండు వారముల ఓర్పు పెట్టుబడిగా పెట్టవలెను. నొప్పి పోయిన నాడే వ్యాయామము మానక, ఆ కాలి ముని వ్రేళ్లపై ఒంటిగా లేచి, మంచికాలితో సమానముగా నిలువగలుగు వరకు సాగింపవలెను. అది చేయగలిగిననాడు మీ పిక్కబలము మీకు తిరిగి వచ్చినట్లు.